అరుణా మిల్లర్‌కు ఆ ఎనిమిదేళ్లే అసలు కెరీర్

"అరుణా మిల్లర్ అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్ (గవర్నర్ తర్వాతి పదవి) కాకముందు స్టేట్ డెలిగేట్‌గా చేశారట. అది మన ఎమ్మెల్యే లాంటిదేనా? చెప్పుకోదగ్గ పదవేనా?" అని ఒకరు అడిగారు.

హోదాకు ఎమ్మెల్యే లాంటిదే, బతుకు మాత్రం వేరు. ఇదే రాష్ట్రంలో ఉంటున్నవాడిగా గట్టిగా చెబుతున్నాను, 2011 నుంచి 2019 దాకా ఆవిడ డెలిగేట్‌గా చేసిన కాలమే నా దృష్టిలో పెద్దది.

మా ఇళ్ల దగ్గర రోడ్డు దాటడం పిల్లలకు ప్రాణసంకటంగా ఉండేది. పాదచారుల భద్రత మీద ఒక బిల్లు వస్తే మాట్లాడదామని రాష్ట్ర రాజధాని అనాపొలిస్ వెళ్లాను. ముందుగా పేరు రాయించుకుంటే ఎవరైనా బిల్లును పరిశీలించే అసెంబ్లీ కమిటీ ముందు మాట్లాడొచ్చు, కాకపోతే రెండు నిమిషాలే. బిల్లు పెట్టిన డెలిగేట్ మాకన్నా ముందే వచ్చి గోడవారగా కూర్చున్నారు. గన్‌మెన్ లేరు, అనుచరులు లేరు. ఒళ్లో ఫిస్కల్ నోట్ ఉంది. బిల్లు వల్ల సర్కారుకు ఎంత ఖర్చవుతుందో సిబ్బంది లెక్కగట్టి ఇచ్చే కాగితం అది. దాని అంచుల నిండా పెన్సిల్ రాతలు. నన్ను పలకరించి, పిల్లలు సగం దాటేసరికే సిగ్నల్ మారిపోతోందా అని అడిగారు. చెప్పింది అక్కడే రాసుకుని, తన వంతు రాగానే కమిటీకి అదే వినిపించారు. ఆ ఏడాది బిల్లు కమిటీ దాటలేదు. మరుసటి సెషన్‌లో మళ్లీ పెట్టారు.

ఈ పదవిలో పని అంటే అదే. 141 మంది డెలిగేట్లు, ఏడాదికి 90 రోజుల సెషన్. మిగతా కాలం చాలామంది సొంత ఉద్యోగాలు చూసుకుంటారు. ఇలాంటి పదవికే టెక్సస్ రాష్ట్రంలో అయితే జీతం ఏడాదికి 7,200 డాలర్లే, న్యూహాంప్‌షైర్‌లో 100 డాలర్లు. డబ్బు కోసం వచ్చేవాళ్లు అక్కడ నిలవరు.

హైదరాబాద్‌లో పుట్టి ఏడేళ్ల వయసులో అమెరికా వచ్చిన అరుణ గారు సివిల్ ఇంజనీరు. 2000లో పౌరసత్వం వచ్చింది, 2010లో డెలిగేట్‌గా గెలిచారు. గెలిచాక కూడా కొన్నేళ్లు మాంట్‌గోమరీ కౌంటీ రవాణా శాఖలో ఉద్యోగం చేశారు. 2018లో డెలిగేట్ సీటు వదులుకుని అమెరికా కాంగ్రెస్‌కు (మన పార్లమెంటు లాంటిది) పోటీపడి, ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, డేవిడ్ ట్రోన్ చేతిలో ఓడిపోయారు. చేతిలో పదవి లేకుండా నాలుగేళ్లు గడిపి 2022లో గవర్నర్ అభ్యర్థి వెస్ మూర్‌తో కలిసి లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. భగవద్గీత మీద ప్రమాణం చేసిన ఫొటో మన వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. ఆ ఎనిమిదేళ్ల గురించి ఒక్క మెసేజ్ కూడా నా కంటపడలేదు.

నా బాధంతా ఇక్కడే. గుడివాడలో ఎవరు గెలుస్తారో గంటలకొద్దీ వాదించుకుంటాం. మనం ఉంటున్న నియోజకవర్గానికి డెలిగేట్లు ఎవరో అడిగితే నోరు మెదపం. సిటిజన్‌షిప్ ఉన్నవాళ్లు కూడా ప్రైమరీ రోజు ఇల్లు కదలరు. సంఘాల వాళ్లు నాయకుల్ని ఉగాదికి పిలిచి శాలువా కప్పి ఫొటో దిగుతారు, ఒక్క బిల్లు గురించి అడగరు. స్కూళ్లకు రాష్ట్రం ఇచ్చే నిధులు, రాష్ట్ర డ్రైవింగ్ లైసెన్సు నిబంధనలు, రాష్ట్ర యూనివర్సిటీల బడ్జెట్ లాంటివి తేలేది అనాపొలిస్‌లోనే.

మేరీల్యాండ్‌లో ఉంటే అసెంబ్లీ వెబ్‌సైట్‌లో మీ అడ్రస్ కొట్టండి, మీ డెలిగేట్ల పేర్లు వస్తాయి. సెషన్ జనవరి రెండో బుధవారం మొదలవుతుంది. కమిటీ ముందు జరిగే ఒక్క హియరింగ్‌కు వెళ్లి కూర్చోండి.