మూడో వారంలోనే స్టార్ ప్లేయర్‌ని వదిలేయకు బ్రో

12 టీముల ఫాంటసీ బేస్‌బాల్ లీగ్‌లో (నిజమైన ఆటగాళ్లతో మన టీమ్ కట్టుకుని, వాళ్ల మ్యాచ్ నంబర్లతో పోటీపడే ఆట) పదో ప్లేస్, డ్రాఫ్ట్ రెండో రౌండ్‌లో తీసుకున్న షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డర్) 0.178 యావరేజ్‌తో కొడుతున్నాడు, వాడిని తీసేసి వేవర్స్‌లో (ఏ టీమూ తీసుకోని ఆటగాళ్ల జాబితా) ఉన్న, 5 హోమ్ రన్లు కొట్టినవాడిని తెచ్చుకోనా అని అడిగావు కదా. వద్దు బ్రో, దయచేసి ఆ పని మాత్రం చేయకు.

నువ్వు పెట్టిన నంబర్లు చూశా. స్ట్రైకౌట్లు 15 శాతమే, అంటే బంతి బ్యాట్‌కి బాగానే తగులుతోంది, కాకపోతే బాబిప్ (హోమ్ రన్లు కాకుండా మైదానంలోకి కొట్టిన బంతుల్లో హిట్లు అయినవాటి నిష్పత్తి) 0.190 ఉంది, లీగ్ యావరేజ్ 0.300 దగ్గర ఉంటుంది కాబట్టి కొట్టినవన్నీ ఫీల్డర్ల చేతుల్లోకే పోతున్నాయన్నమాట. పైగా ఏప్రిల్ చలికి బంతి అంత దూరం పోదు. 2024లో మెట్స్ షార్ట్‌స్టాప్ ఫ్రాన్సిస్కో లిండోర్ గుర్తున్నాడా, ఏప్రిల్ అంతా తడబడ్డాడు, ఆఖరికి 33 హోమ్ రన్లు, 29 స్టీల్స్ (దొంగిలించిన బేస్‌లు), నేషనల్ లీగ్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడి అవార్డు) ఓటింగ్‌లో రెండో ప్లేస్. అప్పుడు వాడిని చవగ్గా ట్రేడ్ చేసినవాళ్లు ఎంత బాధపడి ఉంటారో.

అసలు నీ సమస్య వేరే ఉంది. మోచేయి దెబ్బ తగిలిన పిచర్ ఇంకా బెంచ్ మీదే ఉన్నాడు, ఐఎల్ స్లాట్ (గాయపడినవాళ్ల కోసం ఉంచిన అదనపు చోటు) ఖాళీగా ఉంది. ఈ రాత్రికే వాడిని అందులోకి నెట్టెయ్, ఒక చోటు ఊరికే దొరుకుతుంది, ఆ చోట్లో నీ హోమ్ రన్ల కుర్రాడిని తెచ్చుకో, ఎవరినీ వదలక్కర్లేదు. కానీ వాడు రోజూ లైనప్‌లో ఉంటున్నాడా, ఎన్నో నంబర్లో దిగుతున్నాడో ముందు చూడు, ఎనిమిదో నంబర్లో దిగేవాడైతే నేనైతే ఆ చోటు కొత్తగా క్లోజర్ (ఆఖర్లో వచ్చి టీమ్ ఆధిక్యాన్ని కాపాడే పిచర్) అయినవాడికి ఇస్తా, అలా కాపాడిన మ్యాచ్‌ల లెక్క, అంటే సేవ్స్‌లో నువ్వు అట్టడుగున ఉన్నావు కదా.