కౌంటర్ తెలిసినవాళ్లకే క్లౌడ్‌లో పని

ప్రశ్న: తిరుపతి బస్టాండుకు దగ్గర్లో మాకు 32 గదుల లాడ్జి ఉంది. మా అమ్మాయి హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడల్లా "నాన్నా, ఈ పాత సాఫ్ట్‌వేర్ తీసేసి క్లౌడ్‌ది పెట్టు" అని ఒకటే పోరు. నెలనెలా డబ్బు కట్టాలి, నెట్ పోతే ఏం చేయాలి అని నా భయం. పైగా చదువయ్యాక హోటల్లో కాకుండా ఇలాంటి సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరతానంటోంది. అన్నీ కంప్యూటరే చేసేస్తే ఆ చదువుకు విలువేముంటుందండీ?

జవాబు: మీరు రెండు అడిగారు గానీ నాకు ఒకటే ప్రశ్నలా కనిపిస్తోందండీ. లాడ్జికి ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ తడబడుతుందో చూస్తే మీ అమ్మాయికి ఉద్యోగం ఎక్కడుందో కూడా అక్కడే తెలిసిపోతుంది.

ఈ కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను విజయవాడలో ఒక హోటల్ ఫ్రంటాఫీసులో నాలుగేళ్లు పనిచేశాను. మాదీ మీలాగే ఒకే కంప్యూటర్, దాని వెనక ఒక డాంగిల్, అంటే అది గుచ్చి ఉంటేనే సాఫ్ట్‌వేర్ నడిచే తాళంలాంటి ముక్క. రోజూ రాత్రి బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లోకి తీసి అకౌంటెంటు సొరుగులో పెట్టాలి. పెళ్లిళ్ల రోజుల్లో ఒక రాత్రి హార్డ్ డిస్కు పోయింది. సొరుగు లాగి చూస్తే పెన్‌డ్రైవ్‌లో ఉన్నది 11 వారాల కిందటి బ్యాకప్. హోటల్ నిండా జనం. ఎవరు ఎంత అడ్వాన్సు ఇచ్చారో, ఎవరి ఖాతాలో ఎన్ని భోజనాలు పడ్డాయో ఏమీ తెలియదు. నేనూ, రూమ్ సర్వీసు కుర్రాడూ వంటింట్లో మేకుకు గుచ్చిన ఆర్డరు చీటీలన్నీ తెచ్చి నేలమీద పరిచి, తెల్లారేదాకా గదుల వారీగా పేర్చుకుంటూ కూర్చున్నాం. 304లో ఉన్నాయన రెండుసార్లు అడ్వాన్సు కట్టానన్నాడు. మా దగ్గర ఒక రసీదే దొరికింది. ఆయన మాటే నమ్మి పంపేశాం, ఇంకేం చేస్తాం.

క్లౌడ్ పెడితే ఆ లెక్కలు మీ కౌంటర్ కింద ఉన్న డబ్బాలో ఉండవు, కంపెనీ సర్వర్లలో ఉంటాయి. మీ కంప్యూటర్ చెడితే ఇంట్లో ల్యాప్‌టాప్ తెచ్చి పని సాగించుకోవచ్చు. మీరు పెళ్లికి వేరే ఊరు వెళ్లినా ఎన్ని గదులు నిండాయో, గల్లాలో ఎంత ఉండాలో ఫోన్‌లోనే చూసుకోవచ్చు. ఇది అమ్మేవాళ్లు ముందుగా చెప్పే లాభం, నిజమే కూడా.

కానీ నా లెక్కలో అసలు లాభం చానల్ మేనేజర్, అంటే బుకింగ్ సైట్లన్నిటిలో ఖాళీ గదుల లెక్కను ఒకేసారి మార్చే భాగం. శనివారం రాత్రి మీ దగ్గర ఒక్క గదే మిగిలిందనుకోండి. అదే గది మేక్‌మైట్రిప్‌లోనూ, బుకింగ్ డాట్‌కామ్‌లోనూ, అగోడాలోనూ ఖాళీగా కనిపిస్తోంది. 9 గంటల 10 నిమిషాలకు కౌంటర్‌లో ఎవరో వచ్చి ఆ గది తీసుకున్నారు. మీ కుర్రాడు మూడు సైట్లలోకీ విడివిడిగా వెళ్లి గది మూసెయ్యాలి. ఈలోపు ఎవరో వేడినీళ్లు రావట్లేదని పిలిచారు, వాడు పైకి వెళ్లాడు. 9 గంటల 20కి ఆన్‌లైన్‌లో అదే గది ఇంకొకరికి అమ్ముడుపోయింది. రాత్రి ఒంటిగంటకు రైలు దిగి, నిద్రమొహాల పిల్లల్ని భుజాన వేసుకుని ఒక కుటుంబం మీ కౌంటర్ ముందు నిలబడుతుంది. వాళ్లకు మీరు చెప్పేదేముంది? చానల్ మేనేజర్ కలిపి ఉన్న క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌లో కౌంటర్‌లో ఎంట్రీ పడగానే అన్ని సైట్లలోనూ లెక్క తగ్గిపోతుంది. ఒకటి రెండు నిమిషాల సందు ఉండొచ్చు, అర్ధరాత్రి పంచాయితీ మాత్రం చాలావరకు తప్పుతుంది. మీ సొంత వెబ్‌సైట్‌లో బుకింగ్ బటన్ పెట్టుకుంటే ఆ సైట్లు తీసుకునే కమిషన్ కూడా మిగులుతుంది. 2,000 రూపాయల గదికి 18 శాతం కమిషన్ అనుకుంటే 360 రూపాయలు. అలాంటి బుకింగ్‌లు నెలకు ఎన్ని వస్తాయో లెక్కేసి నెలచందాతో పోల్చుకోండి, మీ మొదటి భయానికి జవాబు మీ పుస్తకాల్లోనే దొరుకుతుంది.

పన్నులదీ అంతే. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదికి జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. క్లౌడ్‌లో అయితే అలాంటి మార్పు కంపెనీవాళ్లు ఒకచోట చేస్తే అందరికీ వస్తుంది. పాత సాఫ్ట్‌వేర్ అయితే టెక్నీషియన్ ఎప్పుడొస్తాడా అని ఎదురుచూపులే.

ఇక తడబడే చోటు. ఇది మీ తిరుపతి విషయమే. పెద్ద హోటళ్ల కోసం తయారైన సాఫ్ట్‌వేర్‌లు మధ్యాహ్నం 12కు చెకౌట్ అనే లెక్క మీద నడుస్తాయి. రాత్రి నైట్ ఆడిట్ చేసి, అంటే ఆ రోజు లెక్కలు సరిచూసి ముగించి, తేదీ మారుస్తారు, గదుల అద్దె అప్పుడు ఖాతాల్లో పడుతుంది. మీ ఊళ్లో చాలా లాడ్జిలది 24 గంటల పద్ధతి. రాత్రి 2:40కి దిగినాయనకు మర్నాడు రాత్రి 2:40 దాకా గది. ఆయన అద్దె ఏ తేదీలో పడాలి? మర్నాడు సాయంత్రం ఆ గదిని ఆన్‌లైన్‌లో ఖాళీ అని చూపించాలా, వద్దా? దర్శనం ఆలస్యమై మూడు గంటలు ఎక్కువుంటే సగం అద్దె వేస్తారా, వదిలేస్తారా? డెమో ఇచ్చే కుర్రాడు వీటిలో దేనికీ నిలబడి జవాబు చెప్పలేకపోతే ఆ సాఫ్ట్‌వేర్ మీకొద్దు. అందుకే డెమో రోజు మీ అమ్మాయిని కూర్చోబెట్టి ఈ ప్రశ్నలు ఆమెతోనే అడిగించండి.

అన్నీ కంప్యూటరే చేసేస్తుంది అన్నారు. కంప్యూటర్‌కు 24 గంటల చెకౌట్ తెలియదండీ, ఎవరో ఒకరు కూర్చుని అమర్చాలి. హోటల్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఆ పనికి ఇంప్లిమెంటేషన్ అని పేరు. కొత్త హోటల్‌కు వెళ్లి గదుల రకాలు, రేట్లు, పన్నులు ఎక్కించడం, పాత డేటా కొత్తదాంట్లోకి మార్చడం, సిబ్బందికి నేర్పించడం. కోడింగ్ ఒక్కటే వచ్చినవాళ్లకు ఇది కష్టం, నైట్ ఆడిట్ అంటే ఏమిటో వాళ్లకు మొదట్నుంచీ చెప్పాలి. బెంగళూరులో ఐడీఎస్ నెక్స్ట్, నోయిడాలో హోటలాజిక్స్, సూరత్‌లో ఈజీ టెక్నోసిస్ మనదేశంలో ఇలాంటి సాఫ్ట్‌వేర్ తయారుచేస్తూ ఎదిగిన కంపెనీలు. పెద్ద గొలుసు హోటళ్లలో ఒపెరా అనే సాఫ్ట్‌వేర్ ఎక్కువ కనిపిస్తుంది. 2014లో మైక్రోస్ కంపెనీని కొన్నప్పుడు అది ఒరాకిల్ చేతికొచ్చింది. ఇంప్లిమెంటేషన్ కాకుండా సపోర్టు ఉంది, రేట్లు ఎప్పుడు పెంచాలో తగ్గించాలో చూసే రెవెన్యూ పని ఉంది. అర్ధరాత్రి భయపడి ఫోన్ చేసిన నైట్ క్లర్కుతో తెలుగులోనో, హిందీలోనో ఓపిగ్గా మాట్లాడగలిగేవాళ్లకు సపోర్టులో మంచి పేరొస్తుంది.

అయితే చదువయిన వెంటనే సాఫ్ట్‌వేర్ కంపెనీలోకి దూకవద్దని నా మాటగా చెప్పండి. ఒక ఏడాదైనా నిజమైన హోటల్ ఫ్రంటాఫీసులో, అందులో కొన్నాళ్లు నైట్ షిఫ్టులో చేయమనండి. ఆడపిల్ల కదా నైట్ షిఫ్టా అంటారేమో. రాత్రి దింపే బండి, కౌంటర్‌లో రెండో మనిషి ఉండే హోటల్ చూసుకుని చేరమనండి, మానెయ్యమని మాత్రం అనకండి.

ఇప్పుడు మీ రెండో భయం. నెట్ పోతుంది, తప్పకుండా పోతుంది. వేరే కంపెనీ సిమ్‌తో ఇంకో కనెక్షన్ పెట్టుకోండి. షిఫ్టు మారిన ప్రతిసారీ గదుల్లో ఎవరున్నారో, ఎంత బాకీయో ఒక కాగితం ప్రింటు తీసి కౌంటర్‌లో ఉంచండి. ఒప్పందంలో ఒకటి గట్టిగా అడగండి: రేపు మేం మానేస్తే మా డేటా అంతా ఎక్సెల్‌లో ఇస్తారా, ఎన్ని రోజుల్లో ఇస్తారు? రాసి ఇవ్వమనండి.

పాస్‌వర్డు సంగతి ఇంకా ముఖ్యం. ముగ్గురు కుర్రాళ్లకు ఒకే లాగిన్ ఇస్తే ఏ ఎంట్రీ ఎవరు మార్చారో ఎప్పటికీ తేలదు. ఆన్‌లైన్ బుకింగ్ సైట్ల లాగిన్ మోసగాళ్ల చేతిలో పడితే మీ పేరుతోనే యాత్రికులకు మెసేజ్ పెట్టి డబ్బు లాగుతారు. రిసెప్షన్ కుర్రాడి సొంత ఫోన్‌లో యాత్రికుల ఆధార్ ఫొటోలు పోగుపడే అలవాటు మీ దగ్గరా ఉంటే ఈ వారమే ఆపించండి. అమెరికా పాస్‌పోర్టుతో దర్శనానికొచ్చే మనవాళ్ల వివరాలు 24 గంటల్లోగా ప్రభుత్వ పోర్టల్‌లో ఎక్కించాల్సింది ఎలాగూ మీరే, సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే.

ఒక పని చేయండి. చాలా కంపెనీలు కొన్నాళ్లు ఉచితంగా వాడి చూడనిస్తాయి. ఈసారి సెలవుల్లో మీ అమ్మాయి వచ్చినప్పుడు 15 రోజులు పాతదీ, క్లౌడ్‌దీ పక్కపక్కనే నడపనివ్వండి. రోజూ రాత్రి రెండింటి లెక్క కలుస్తోందో లేదో ఒక నోటుపుస్తకంలో రాయమనండి. కలవని రోజున ఎందుకు కలవలేదో కూడా రాయాలి, అది 24 గంటల చెకౌట్ దగ్గరే తప్పుతుందని నా అనుమానం. ఆ పుస్తకాన్నే రేపు ఇంటర్వ్యూకి పట్టుకెళ్లమనండి. ఈ ప్రయోగం బ్రహ్మోత్సవాల ముందు మాత్రం పెట్టుకోకండి.