ఆఫీసులో పక్క సీటు మనిషి పోయారు... ఛాతీ బరువుగా ఉంటోంది, నిద్ర లేదు. నాకేమైంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 36. విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఏడేళ్ళుగా నా పక్క సీట్లో కూర్చున్న సార్, 42 ఏళ్ళు, 19 రోజుల కిందట ఆఫీసులోనే కుప్పకూలిపోయారు. ఆ రోజు పొద్దున ‘ఛాతీ పట్టేసినట్టుంది, పూరీ తిన్నా కదా, గ్యాస్ అయ్యుంటుంది’ అంటే నా బ్యాగులో ఉన్న గ్యాస్ మాత్ర నేనే ఇచ్చాను. మధ్యాహ్నం రెండున్నరకి పడిపోయారు. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికే ప్రాణం పోయిందన్నారు. అప్పటి నుంచి రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తోంది. ఛాతీ బరువు, చేతులు తిమ్మిర్లు. ఈసీజీ రెండుసార్లు, టూడీ ఎకో ఒకసారి తీశారు, నార్మల్. మా అత్తయ్య వాడే నిద్రమాత్ర సగం చొప్పున నాలుగు రోజులు వేసుకున్నాను. ‘మనవాళ్ళా ఏమన్నానా, ఇంత దిగులెందుకు’ అంటారు ఆవిడ. ఆయన తిని కడిగి పెట్టుకున్న క్యారేజీ ఇంకా డ్రాయర్‌లోనే ఉంది. ఆ డ్రాయర్ తెరవలేకపోతున్నాను. నాకేమవుతోంది? – ఓ సోదరి

జవాబు: అమ్మా, ముందు ఆ మాత్ర సంగతి మాట్లాడుకుందాం. ఛాతీ బరువు, నిద్ర, తిమ్మిర్లు అన్నీ రాశారు గానీ, మీ మనసు ‘నేనే ఇచ్చాను’ అన్న మాట దగ్గరే ఆగిపోయిందని చదవగానే అర్థమైంది.

గ్యాస్ మాత్ర కడుపులో యాసిడ్ తగ్గిస్తుంది, అంతే. ఒక మాత్రతో గుండె ఆగిపోదు, రక్తనాళంలో అడ్డు పెరగదు. మీరిచ్చిన మాత్ర వల్ల ఆయన పోలేదు, ఇందులో నాకు అనుమానం లేదు. మరి ఆ పూటే ఆస్పత్రికి వెళ్ళుంటే బతికేవారా అంటే, బతికేవారేమో, ఆ మాట దాచి మిమ్మల్ని ఊరడించను. కానీ మాత్ర ఇచ్చినప్పుడు మీకు తెలిసిందేమిటి? ఛాతీ పట్టేసిందని ఆయన చెప్పారు, కారణం పూరీ అని కూడా ఆయనే చెప్పారు, ఆ తర్వాత క్యారేజీ తిని, కడుక్కుని వచ్చి పనిలో కూర్చున్నారు. నేను క్యాజువాల్టీలో డ్యూటీ చేసిన రోజుల్లో, గుండెపోటును గ్యాస్ అనుకుని వాము నమిలి, సోడా తాగి, నాలుగైదు గంటలు ఇంట్లోనే గడిపి వచ్చినవాళ్ళను ఎంతమందిని చూశానో. వాళ్ళలో డాక్టర్లూ ఉన్నారు. రెండున్నరకి జరిగింది తెలుసుకున్నాక ఆ పొద్దుటికి వెనక్కి వెళ్ళి మిమ్మల్ని మీరు బోనులో నిలబెట్టుకుంటున్నారు. పైగా పోస్టుమార్టం జరిగినట్టు మీరు రాయలేదు. జరగకపోతే అది గుండెపోటేనని కూడా గట్టిగా చెప్పలేం. మెదడులో రక్తనాళం చిట్లినా, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ అడ్డుపడినా, గుండె లయ ఒక్కసారిగా తప్పినా మనిషి అలాగే కూలిపోతాడు.

ఇక మీ అత్తయ్యగారి మాట. ఆవిడ తప్పుగా అన్నారని నేననను, ఆవిడకు తెలిసిన లెక్క అది. మన దగ్గర చావుకు ఒక కొలత ఉంది. దాయాదులకు పది రోజుల మైల, పెళ్ళయి వెళ్ళిన ఆడపిల్లకు మూడు రోజులు. ఆ రోజుల్లో వాళ్ళను ఎవరూ పనికి రమ్మనరు, వంట చేయమనరు, వచ్చినవాళ్ళు పక్కన కూర్చుని ‘ఎలా జరిగింది’ అని అడుగుతారు, వాళ్ళు చెప్పి చెప్పి ఏడుస్తారు. ఆ కథ యాభైసార్లు చెప్పడమే సగం వైద్యం. తోటి ఉద్యోగికి ఈ లెక్కలో చోటే లేదు. చివరి చూపు చూసి, ఇంటికొచ్చి తలస్నానం చేస్తే అయిపోయింది, మర్నాడు తొమ్మిదిన్నరకి పంచింగ్. కానీ ఏడేళ్ళపాటు రోజుకు ఎనిమిది గంటలు ఒక మనిషి దగ్గు, నవ్వు, ఫోన్లో పిల్లలతో మాట్లాడే గొంతు మీ చెవిన పడుతూ వచ్చాయి. మన దాయాదుల్లో ఎంతమందితో అన్ని గంటలు గడిపాం? ఇలా లోకం లెక్కలోకి రాని దుఃఖం గురించి అమెరికాకు చెందిన కెన్నెత్ డోకా అనే ఆయన 1989లోనే ఒక పుస్తకం తెచ్చారు. అంటే ఇది మీ ఒక్కరి బలహీనత కాదు. మీరు రాయలేదు గానీ ఇంకొకటి కూడా ఉండుంటుందనిపిస్తోంది, ఆడమనిషిని, పరాయి మగమనిషి కోసం ఇంత ఏడిస్తే ఎవరేమనుకుంటారో అన్న జంకు. అందుకే ఆ ఏడుపు పగలు లోపలే ఉండిపోయి రాత్రి రెండింటికి బయటికొస్తోంది.

నా సంగతీ ఒకటి చెప్తాను. చాలా ఏళ్ళ కిందట మా వార్డులో పనిచేసే సీనియర్ సిస్టర్ ఒకరు డ్యూటీ దిగి ఇంటికెళ్తూ యాక్సిడెంటులో పోయారు. ఆ తర్వాత కొన్ని వారాలపాటు పాత కేస్ షీట్లలో ఆవిడ గుండ్రటి చేతిరాత కనిపించినప్పుడల్లా నా చెయ్యి ఆగిపోయేది. మనోవ్యాధుల డాక్టర్ని, అయినా ఎవరితోనూ అనలేదు. అనాల్సింది.

ఛాతీ విషయానికొస్తే, ఈసీజీలు, ఎకో నార్మల్ కాబట్టి ఇది చాలావరకు దుఃఖమూ భయమూ కలిసి చేస్తున్న పని. పక్కనున్న మనిషికి జరిగింది కాబట్టి ఇప్పుడు మీ శరీరం ఇరవై నాలుగు గంటలూ కాపలా కాస్తోంది. అడ్రినలిన్ ఎక్కువవుతుంది, ఛాతీ కండరాలు బిగుసుకుంటాయి, మీకు తెలియకుండానే ఊపిరి వేగంగా తీస్తారు, దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఆ తిమ్మిరి చూసి ఇంకా భయం, దాంతో ఇంకా ఊపిరి. ఇలాంటి భయం సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి వెళ్ళి తర్వాత మెల్లగా దిగుతుంది. ఆ సమయంలో లేచి కూర్చుని, నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. వదలడమే ముఖ్యం. ఒకసారి ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, థైరాయిడ్ చూపించుకోండి, ఆ తర్వాత భయమేసినప్పుడల్లా ఈసీజీ మాత్రం వద్దు. అయితే మెట్లెక్కినా నడిచినా నొప్పి వచ్చి ఆగితే తగ్గుతున్నా, చెమటలతో నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, కళ్ళు తిరిగి పడిపోయినా అది వేరే సంగతి, అప్పుడు పాత రిపోర్టులు చూసుకుంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

అత్తయ్యగారి నిద్రమాత్ర ఆపేయండి. సగం మాత్ర, నాలుగు రోజులే కాబట్టి మామూలుగా ఇబ్బంది ఉండదు, కానీ అది అలవాటయ్యే మందు. ఆప్తులు పోయిన దుఃఖానికి ఆ రకం నిద్రమాత్రలు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే డాక్టర్లకు చెప్పింది. మెలకువ వస్తే మంచం మీద దొర్లకుండా లేచి వేరే గదిలో కాసేపు కూర్చోండి, నిద్ర ముంచుకొస్తేనే వెళ్ళి పడుకోండి. మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ మానేయండి. పొద్దున మాత్రం రోజూ ఒకే టైముకి లేవండి, రాత్రి సరిగా నిద్రపోకపోయినా సరే.

ఆఫీసులో మీ మేనేజర్‌తో ఒక మాట చెప్పండి, కొన్నాళ్ళు సీటు మార్చమని అడగడంలో తప్పులేదు. ఆయన డ్రాయర్ మాత్రం హౌస్ కీపింగ్ వాళ్ళు నల్ల కవర్లోకి ఊడ్చెయ్యకముందే తెరవాలి. ఒక్కరే వద్దు, ఆయనతో చనువున్న ఇంకొకరిని పక్కన పెట్టుకుని తెరవండి. క్యారేజీ, కళ్ళజోడు, పెన్ను, ఏముంటే అవి ఒక సంచిలో సర్ది వాళ్ళావిడకు ఇచ్చి రండి. ఏడుపొస్తే అక్కడే ఏడవండి.

వాళ్ళింటికి వెళ్ళడానికి మీకు భయంగా ఉంటుంది, నాకు తెలుసు. కానీ ఆమె దగ్గర లేనిది మీ దగ్గర ఒకటి ఉంది. ఆయన ఆఖరి పూట ఏం మాట్లాడారో, దేనికి నవ్వారో, ఏం తిన్నారో మీకు తెలుసు. మాత్ర సంగతి మీ గుండె బరువు దించుకోవడం కోసం ఆమె మీద పెట్టకండి, ఆమె అడిగితే మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి. అకౌంట్స్ చూసేవారు కాబట్టి మీరు చేయగల సాయం ఇంకొకటి ఉంది. ఆయనకు పీఎఫ్ ఉంటే ఆ డబ్బుతోపాటు భార్యకు పెన్షన్, పీఎఫ్‌తో ముడిపడిన ఉద్యోగుల బీమా పథకం ఈడీఎల్‌ఐ కింద గరిష్ఠంగా 7 లక్షల రూపాయల వరకు బీమా వస్తాయి. చనిపోయినప్పుడు గ్రాట్యుటీకి అయిదేళ్ళ సర్వీసు నిబంధన కూడా వర్తించదు. ఈ బీమా ఉందని తెలియని కుటుంబాలు చాలా ఉన్నాయి. ఫారాలు నింపి, హెచ్‌ఆర్ సంతకం పెట్టించి, పని పూర్తయ్యేదాకా వెంటపడండి. చేతికి పని దొరికితే మనసు కాస్త నిలబడుతుంది, నా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఇది చాలాసార్లు చూశాను.

ఇంకా 19 రోజులే కాబట్టి ఇప్పుడే జబ్బు పేరు పెట్టను. నెల దాటాక కూడా ఆయన పడిపోయిన దృశ్యం కళ్ళముందు తిరుగుతూనే ఉన్నా, ఆయన పడిన చోటు వైపు వెళ్ళలేకపోతున్నా, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతున్నా సైకియాట్రిస్టును కలవండి. దీనికి మందుల కంటే మాటలతో చేసే చికిత్స బాగా పనిచేస్తుంది. పనీ ఇల్లూ నడవనంతగా ఉంటే నెల కోసం ఆగొద్దు. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆ రోజే ఇంట్లోవాళ్ళకు చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. అర్ధరాత్రి ఎవరితోనూ మాట్లాడలేకపోతే టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వానిది, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, డబ్బులేమీ అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ముందుగా ఈ వారం ఆ డ్రాయర్ తెరవండి, ఎవరిని పక్కన పెట్టుకోవాలో ఇవాళే అడిగి పెట్టుకోండి.