పక్క నుంచి మొదలుపెట్టి మధ్యకు రావడం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

జిల్లా చదరంగం టోర్నమెంటులో తెల్లపావులు వచ్చినప్పుడల్లా బంటును సి4 గడికి తోసి గానీ, గుర్రాన్ని ఎఫ్3కి తీసి గానీ మొదలుపెట్టాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. నిర్ణయం మంచిదే. అయితే పక్క నుంచి మొదలుపెట్టినవాడికి మధ్య గడుల మీద పని ఉండదనుకోవద్దు. ఆ పని కొంత ఆలస్యంగా మీద పడుతుంది, అంతే. నీ వయసులో నేను సి4, జి3, బి3 అంటూ బంట్లను ముచ్చటగా పేర్చుకుంటూ కూర్చున్నాను. ఎదుటివాడు ఈ5, డి5 గడులు రెండూ పట్టుకున్నాక నా బిషప్‌లకు కదిలే దారే మిగలలేదు.

1924 మార్చి 22న న్యూయార్క్ టోర్నమెంటులో రిచర్డ్ రెటి ఆడిన ఆటను, బల్ల మీద పావులు పెట్టుకుని, నిదానంగా ఆడి చూడు. ఎదురుగా ఉన్నది ప్రపంచ ఛాంపియన్ కాపబ్లాంకా. 1916 తరువాత ఎనిమిదేళ్లుగా ఆయనను ఎవరూ ఓడించలేదు. రెటి ఎఫ్3కి గుర్రం, సి4, బి4 వేసి, బిషప్‌లను బి2లోనూ జి2లోనూ నిలిపి, 11వ ఎత్తులో ఏనుగును డి1కి తెచ్చాడు. 13వ ఎత్తు దగ్గర ఆగు. డి2లోని గుర్రాన్ని ఎఫ్1కి వెనక్కి తీశాడు. చూడగానే అది వెనకడుగులా కనిపిస్తుంది గానీ, డి నిలువు వరుసలో ఏనుగుకు అడ్డుగా ఉన్న పావుల్లో ఒకటి దానితో తప్పుకుంది. 15వ ఎత్తులో ఈ3, 16వ ఎత్తులో డి4. అన్ని ఎత్తులూ బంటును డి4కి తోసే ఆ ఒక్క ఎత్తు కోసమే దాచిపెట్టినట్టు నాకు ఎప్పుడు చూసినా అనిపిస్తుంది. వరుస తెరుచుకున్నాక కాపబ్లాంకా మంత్రి సి4 బంటును కొట్టింది. రెటి బిషప్‌లను మార్చుకుని, మంత్రితో బి2 నుంచి చెక్ చెప్పి, 23వ ఎత్తులో ఏనుగుతో డి6 బంటును కొట్టాడు. 31వ ఎత్తులో రెండో ఏనుగు డి5కి రాగానే కాపబ్లాంకా ఓటమి ఒప్పుకున్నాడు.

నీ సి4కు ఎదుటివాడు ఈ5 వేస్తే కంగారు పడకు. అది సిసిలియన్‌ను, అంటే ఈ4కు నల్లపావులవాడు సి5తో బదులిచ్చే ఆరంభాన్ని, తెల్లపావులతో, ఒక ఎత్తు అదనంగా ఉంచుకుని ఆడటమే. అలవాటైన ఎత్తులే కదా అని గబగబా వేయవద్దు. అతని ఎత్తుల వరుస మారిందేమో ప్రతిసారీ చూసుకో. కోట కట్టుకున్న (రాజును ఏనుగు వైపు జరిపి భద్రపరుచుకున్న) తరువాత డి4 ఇప్పుడు పడుతుందా, పడకపోతే ఏ పావు అడ్డు అని ప్రతి ఎత్తుకు ముందూ నిన్ను నువ్వు అడుగు.

ఎత్తులు రాసుకున్న స్కోర్‌షీట్లు నాకు పంపు. డి4 ఎన్నో ఎత్తులో వేశావో ముందుగా అదే చూస్తాను.

ఇట్లు,
మీ మామయ్య