68 ఏళ్ల హీరో గెలిచాడంటే ఎలా నమ్మించాలి?

మీ కథలో 68 ఏళ్ల ముసలి హీరో ఆస్ట్రేలియా ఎడారిలో ముగ్గురు కుర్రాళ్లను కొట్టి గెలిస్తే నమ్మబుద్ధి కావట్లేదన్నారు కదండీ, నిజమే. ఆ కొట్లాట తీసేయండి. ఆయన్ను అక్కడి బర్డ్స్‌విల్ ట్రాక్ అనే ఎడారి రోడ్డు మీద ముప్పై ఏళ్లు గ్రేడర్ (మట్టిరోడ్డును చదును చేసే యంత్రం) నడిపిన మనిషిని చేయండి. మారీ అనే ఊరి నుంచి బర్డ్స్‌విల్ దాకా 517 కిలోమీటర్లు, చాలావరకు మట్టిరోడ్డే. దారిలో స్టర్ట్ స్టోనీ డెజర్ట్ అనే రాళ్ల ఎడారి దగ్గర రాళ్లు టైర్లను చీల్చేస్తాయి. పెద్దాయన ఒంగి, టైర్లలో గాలి బుస్సుమని కాస్త వదిలి, నెమ్మదిగా పోతాడు. కుర్రాళ్లు స్పీడుగా వెళ్లి, స్టెప్నీ కూడా పోగొట్టుకుని, బండి వదిలేసి నడక మొదలుపెడతారు. ఆ ఎండలో ప్రాణాలు తీసేది ఆ నడకే. పెద్దాయనకు మీరు పెట్టిన మోకాళ్ల నొప్పి మాత్రం తీసేయకండి. ఆయన బండి కూడా ఆగిపోతే, నడవకుండా దాని నీడలోనే కదలకుండా సాయం కోసం ఎదురుచూసే సీన్లోనే నాకైతే అసలు టెన్షన్ కనిపిస్తోంది.