వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసిన మా తాత కథ రికార్డు చేసి ఇంట్లోవాళ్లకు ఇవ్వాలంటే ఎలా?

మైకులు కొనకండి, ఫోన్ చాలు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, ఫ్యాన్ ఆపి, ఫోన్ కింద మడతపెట్టిన తువ్వాల వేయండి. గరగర చాలా తగ్గుతుంది.

అసలు కష్టం మాట్లాడించడమే. "నీ జీవితం గురించి చెప్పు తాతా" అంటే "ఏముంది బిడ్డా చెప్పనీకి" అని ఊరుకుంటారు. చేతికి ఓ వస్తువు ఇవ్వండి. మా నాయనమ్మకు ఇత్తడి చెంబు ఇచ్చి "ఇదెక్కడిది?" అని అడిగాను. పుట్టింటోళ్లు పెట్టడం, కరువులో కుదువపెట్టడం, తిరిగి విడిపించుకోవడం, నలభై నిమిషాలు ఆగలేదు! మీ తాతనైతే మిల్లు సైరన్ ఎప్పుడు మోగేదో, మొదటి జీతంతో ఏం కొన్నాడో అడగండి. 1934లో పెట్టిన ఆ మిల్లు మూతపడి చాలా ఏళ్లైంది, ఇవి చెప్పగలిగేవాళ్లు తగ్గిపోతున్నారు.

పెద్దలకు తేదీలు గుర్తుండవు. "1969 తెలంగాణ ఉద్యమానికి ముందా, తర్వాతా?", "ఆ ఏడు మేడారం జాతర ఉందా?" అనండి. జాతర రెండేళ్లకోసారే కాబట్టి ఏడాది దాదాపు తేలిపోతుంది. మధ్యలో తప్పులు దిద్దకండి, అలుగుతారు.

అరగంటకో ఫైలు, పేరులో తేదీ. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే క్వాలిటీ పోదు. పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉంచండి. భూమి పంపకాల గొడవల్లాంటివి వస్తే మాత్రం, ఫ్యామిలీ గ్రూపులో పెట్టేముందు తాతను ఒక్క మాట అడగండి.