వృద్ధ రోగి సత్తువను అంచనా కట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

వృద్ధుల వార్డు బాధ్యత నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. కేస్ షీటులోని వయసును బట్టి ఎవరి దౌర్బల్యాన్నీ నిర్ణయించవద్దు. 85 ఏళ్ల మనిషి తన పనులన్నీ తానే చేసుకుంటూ ఉండవచ్చు. 68 ఏళ్ల మనిషి నాలుగు రోజుల జ్వరానికే మంచం పట్టి, మళ్లీ మునుపటి స్థితికి రాలేకపోవచ్చు. జబ్బును తట్టుకుని కోలుకోవడానికి ఒంట్లో మిగిలి ఉన్న సత్తువ ఎంతన్నదే మనం ఫ్రెయిల్టీ పేరుతో కొలిచేది.

ఒకసారి న్యుమోనియాతో వచ్చిన వృద్ధురాలిని మంచం మీద నిస్త్రాణగా చూసి, ఆమె చాలాకాలంగా ఇతరుల మీదే ఆధారపడి ఉందనుకుని, అలాగే రాసేశాను. మూడో రోజున ఆమె కూతురు, పది రోజుల క్రితం వరకు అమ్మ మెట్లెక్కి మేడ మీద బట్టలు ఆరేసేదని చెప్పినప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. 1 (మంచి దృఢత్వం) నుంచి 9 (అవసాన దశ) వరకు ఉండే క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేలులో వేయవలసిన అంకె ఈనాటి స్థితికి కాదు, జబ్బు చేయడానికి రెండు వారాల ముందరి స్థితికి. కాబట్టి స్నానం తనంతట తాను చేసేవారా, డబ్బు లెక్కలు చూసుకునేవారా, బయటికి ఒంటరిగా వెళ్లేవారా అని రోగినీ, ఇంట్లో దగ్గరుండి చూసేవారినీ విడివిడిగా అడుగు.

నిలబడగలిగిన రోగిని కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోమను. 12 సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే ప్రమాదాన్ని లెక్కలోకి తీసుకోవాలి. అయితే సెకన్లతో సరిపెట్టుకోకు: లేచేటప్పుడు రెండు చేతులతో కుర్చీని ఎంత గట్టిగా నొక్కారో, మలుపు తిరిగేటప్పుడు గోడ కోసం చెయ్యి ఎలా వెతుక్కుందో గమనించు.

ఆ తరువాత మందుల సంగతి. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ సంచిలో వేసి తెప్పించుకుని, ఒక్కొక్కటి ఎందుకు వాడుతున్నారో అడుగుతూ పోతే, నిద్రమాత్ర ఒకటి ఏళ్ల తరబడి ఎవరూ అడగకుండానే కొనసాగుతూ కనబడవచ్చు. పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక 3 నిమిషాల లోపు మరొకసారి బీపీ చూడు. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే, తూలడానికి కారణం ఆ సంచిలోనే ఉందేమో చూడాలి. బరువు తగ్గడం, నమలలేకపోవడం, దిగులు, మతిమరుపు గురించి కూడా విచారించు.

నడవగలిగిన వారిని ఊరికే మంచానికి పరిమితం చేయవద్దని నర్సులకు గట్టిగా చెప్పు, ఎందుకంటే కొద్ది రోజులు కదలకపోయినా కాళ్ల కండ కరిగిపోతుంది, దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి వారాలు పడుతుంది.

ఇక ప్రణాళిక రాసేటప్పుడు, ఏం కావాలని పిల్లలను అడిగే ముందు రోగినే అడుగు. ఒకరికి ఎక్కువ కాలం బతకడం ముఖ్యం కావచ్చు, మరొకరికి బాత్రూముకు తానే వెళ్లగలగడం ముఖ్యం కావచ్చు. చికిత్స రెండు చోట్లా ఒకటి కాదు. ఆ మాట అడిగే ముందు వారికి కళ్లద్దాలు ఇప్పించు, వినికిడి యంత్రం పెట్టించు, కుర్చీ దగ్గరగా జరుపుకుని ఎదురుగా కూర్చో.